పాత వ్యాగనార్‌లో ఈసీఎం ఎక్కడుంటుంది, మనమే మార్చుకోవచ్చా?

2007 వ్యాగనార్, సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదు, మెకానిక్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ పెట్టె) పోయిందన్నాడు, అదెక్కడుంటుంది, నేనే మార్చుకోవచ్చా అని కదా అడిగారు. మార్చుకోవచ్చు. విప్పి బిగించడం పెద్ద పనేం కాదు. కానీ పోయింది నిజంగా అదేనా అన్నది ముందు తేల్చుకోండి. కారణం ఓ పట్టాన దొరక్కపోతే "ఈసీఎం పోయింది సార్" అనేయడం మన దగ్గర అలవాటైపోయింది, తీరా డబ్బులు పోసి మార్చాక కూడా బండి స్టార్ట్ కాకపోతే అడిగే దిక్కుండదు.

సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మీటర్‌లో చెక్ ఇంజిన్ లైటు చూడండి. వెలిగితే చాలావరకు ఈసీఎంకి కరెంటు అందుతున్నట్టే. అసలు వెలగకపోయినా కంగారు పడొద్దు, బల్బే పోయుండొచ్చు, లేదా ఫ్యూజు, మెయిన్ రిలే (ఈసీఎంకి కరెంటు ఇచ్చే స్విచ్చు), ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపే వైరు), వీటిలో ఏది తేడా చేసినా ఇలాగే ఉంటుంది. అదే టైములో వెనక సీటు దగ్గర చెవి పెడితే ట్యాంకులో పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగాలి. మా బావమరిది కారుకి అచ్చం మీ జబ్బే వచ్చింది. ఈసీఎం మార్చాలన్నారు, రేటు కూడా మాట్లాడేసుకున్నారు, ఈలోపు ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంజిన్‌కి బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద అంతా తుప్పు. ఎమ్రీ పేపర్‌తో గీకి మళ్లీ బిగించాడు, బండి అందుకుంది, అంతే. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే సంగతులు, సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఆ తిరిగేటప్పుడు వోల్టేజీ 9 దాకా పడిపోతే ఈసీఎం సరిగ్గా పనిచేయదు.

మల్టీమీటర్ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. సెన్సర్లలో కొన్నిటికి ఈసీఎం నుంచే 5 వోల్టులు వెళ్తాయి. అది రావట్లేదంటే వెంటనే ఈసీఎం మీదకి తోసేయకుండా, సెన్సర్ల కప్లర్లు (వైర్ల చివర ఉండే ప్లగ్గులు) ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడండి. ఏదో ఒకటి పీకగానే 5 వోల్టులు తిరిగొచ్చాయంటే దొంగ ఆ సెన్సరో దాని వైరో. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పే క్రాంక్ సెన్సర్ పోయినా సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, అదీ చూపించండి. ఆన్‌లైన్‌లో కొన్న చవక బ్లూటూత్ స్కానర్ పెడితే కనెక్ట్ కాలేదు కాబట్టి ఈసీఎం చచ్చిందని కొందరు చెబుతారు, నమ్మకండి. ఆ స్కానర్లు మాట్లాడేది ఓబీడీ-2 అనే పద్ధతిలో, మన దేశంలో అది తప్పనిసరి అయింది 2013లో, అంతకుముందు కార్లు చాలావాటితో ఆ స్కానర్లు మాట్లాడలేవు. మారుతి కార్ల స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఇక ఎక్కడుంటుందంటారా, ఆ కాలపు చిన్నకార్లలో చాలావాటికి కారు లోపలే, ఎడమ సీటు ముందు, గ్లవ్ బాక్స్ వెనకో డ్యాష్‌బోర్డు కిందో. కొన్ని మోడళ్లలో బానెట్ కింద బ్యాటరీ పక్కన. వెతకడానికి సులువు ఏంటంటే, ఇంజిన్ నుంచి లోపలికి లావుపాటి వైరింగ్ కట్ట ఒకటి రబ్బరు బుష్‌లోంచి దూరుతుంది, దాన్ని పట్టుకుని వెళ్లండి. డ్యాష్‌బోర్డు కింద ఇంకా పెట్టెలుంటాయి, సెంట్రల్ లాక్‌ది, పవర్ స్టీరింగ్‌ది. అన్నిటికన్నా ఎక్కువ వైర్లు దూరిన అరచేయంత అల్యూమినియం పెట్టె, పైన స్టిక్కరు మీద నంబరు, అదే మీక్కావల్సింది. సుజుకి వాటి నంబరు మామూలుగా 33920తో మొదలవుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే పసుపు కప్లర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

మా ఇంట్లో పాత మారుతికి మాత్రం నిజంగానే ఈసీఎం పోయింది, కారణం వాన. వేపచెట్టు కింద పార్కింగ్, వైపర్ల కింద జాలీలో ఆకులు పేరుకుని, నీళ్లు పోయే దారి మూసుకుపోయి, అవి మెల్లగా లోపలికి దిగాయి. ఎడమవైపు మ్యాట్ ఎత్తితే కార్పెట్ పిండితే నీళ్లు కారేంత తడి. ఈసీఎం కప్లర్ పీకి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుం, ఒక పిన్ను సన్నబడి ముట్టుకోగానే విరిగింది. బోర్డు మీద కూడా రాగి దారులు తినేసి ఉన్నాయి. పైపైన చిలుం అయితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బ్రష్‌తో రుద్ది ఆరబెడితే బతకొచ్చు, బోర్డులో ఒక కెపాసిటరో ట్రాన్సిస్టరో పోతే మార్చి ఇచ్చే రిపేరు వాళ్లూ ఉన్నారు. మాది ఆ దశ దాటిపోయింది.

విప్పేటప్పుడు తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు పీకి, ఓ పది నిమిషాలు ఆగండి. ఏదైనా రంగు వేయని ఇనుము ముట్టుకున్నాకే పెట్టె పట్టుకోండి. కప్లర్‌కి లాక్ ఉంటుంది, అది ఎత్తి లాగాలి, వైర్లు పట్టి గుంజొద్దు. తర్వాత రెండు మూడు పదో నంబరు నట్లు, అంతే.

అసలు తలనొప్పి దొరకబుచ్చుకోవడంలోనే ఉంది. కొత్తది కంపెనీ నుంచి తెప్పిస్తే పాత కారు విలువలో పెద్ద ముక్కే పోతుంది, కాబట్టి చాలామంది సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారు దారి పడతారు. నంబరు ఫొటో తీసుకుని వెళ్లండి, "వ్యాగనార్‌ది కావాలి" అంటే అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒకే మోడల్‌లో కూడా ఏడాదిని బట్టి, ఎల్పీజీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి, పొగ నిబంధనల్లో బీఎస్-2 నా బీఎస్-3 నా అన్నదాన్ని బట్టి పెట్టె మారిపోతుంది. హైదరాబాద్‌లో బీఎస్-3 వచ్చింది 2005లో, ఊరి బయట జిల్లాల్లో ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు బీఎస్-2 బళ్లు అమ్మారు. అందుకని మీది 2007 అయినా మొదట ఎక్కడ రిజిస్టర్ అయిందో ఆర్సీలో చూసుకోండి. చివరి అక్షరాలతో సహా నంబరు కలవాలి.

తర్వాత ఇమ్మొబిలైజర్, అంటే దొంగతనం జరక్కుండా పెట్టిన ఏర్పాటు. మీ బండిలో అది ఉంటే తాళంచెవిలో చిన్న చిప్ ఉంటుంది, ఈసీఎం ఆ చిప్‌ని గుర్తుపడితేనే ఇంజిన్ నడవనిస్తుంది. ఎవరిదో ఈసీఎం తెచ్చి పెడితే ఇంజిన్ ఇలా అందుకుని అలా ఆగిపోవచ్చు, లేదా అసలు అందుకోదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈసీఎం, ఇమ్మొబిలైజర్ బాక్సు, చిప్ ఉన్న తాళంచెవి మూడూ ఒకే కారువి సెట్టుగా అడగండి, లేదంటే స్కానర్‌తో జత చేయించే మనిషిని ముందే మాట్లాడుకోండి. ఈసీఎం వచ్చిన కారు తాళంచెవిలోని చిప్‌ని తాళం రంధ్రం దగ్గర టేపుతో అంటించేసి పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు, నాకు నచ్చదు, ఇక ఎవడైనా చిప్ లేని డూప్లికేట్ తాళంతో కూడా బండి తీసుకెళ్లిపోవచ్చు. బిల్లు లేకుండా మాత్రం కొనకండి, అది ఏ కారులోంచి వచ్చిందో ఎవరికి తెలుసు. నేను కొన్నచోట పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటానని బిల్లు మీదే రాయించుకున్నాను.

మార్చాక మొదట్లో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కాస్త ఎక్కువతక్కువలు కొడుతుంది, కొంతదూరం తిరిగితే సర్దుకుంటుంది. ముందు మీరు చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందో లేదో, ఎడమవైపు కార్పెట్ తడిగా ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి, రాణిగంజ్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.