200 పేపర్లున్న సారా, 30 పేపర్లున్న మేడమా?

నీ ప్రశ్న చూశాను తమ్ముడూ. విజయనగరంలో ఎమ్మెస్సీ అయిపోయింది, ఇమ్యునాలజీలో (ఒంటి రోగనిరోధక శక్తి మీద చదువు) పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు ఒప్పుకున్నారు, సార్‌కి 200 పైన రీసెర్చ్ పేపర్లు, హెచ్-ఇండెక్స్ 40, మేడమ్‌కి 30 పేపర్లే, ఎవరు పెద్ద సైంటిస్టు అన్నావు. నాది శ్రీకాకుళం, పీహెచ్‌డీ ఇదే సబ్జెక్టులో చేశాను (ఏడేళ్ళు పట్టింది, అదో పెద్ద కథ), అచ్చం నీలాగే, ఎవరివి ఎన్ని పేపర్లో చూపించే గూగుల్ స్కాలర్‌లో అంకె చూసి మురిసిపోయి చేరినోణ్ణి.

ముందు ఆ 40 అంటే ఏటో చూడు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క, ఒక్కోటీ కనీసం 40 సార్లు సైట్ అయిన, అంటే వేరే పేపర్లలో ప్రస్తావించిన పేపర్లు 40 ఉన్నాయని, అంతే. అందులో ఆయన ల్యాబ్‌లో చేసినవెన్ని, ఊరికే పేరు కలిసినవెన్ని, రివ్యూలెన్ని అని ఆ అంకె చెప్పదు. రివ్యూలో కొత్త ప్రయోగమేమీ ఉండదు, మిగతావాళ్ళ పని పోగేసి రాస్తారు, ఇంట్రడక్షన్ రాసుకునేవాళ్ళందరికీ అదే సులువు కాబట్టి సైటేషన్లు తెగ పడతాయి. నేను చేరిన ల్యాబ్ నుంచి ఏడాదికి పదిహేను దాకా పేపర్లొచ్చేవి, మేం చేసినవి రెండో మూడో, మిగతావి మా ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే మిషన్) వాడుకున్నందుకు సార్ పేరు మధ్యలో పెట్టినవి. మిషన్ ఇచ్చాడు కదా, పూర్తిగా తప్పనలేను, గానీ అలాంటి ఒక పేపర్లో డౌటొచ్చి అడిగితే ఆయన అది చదవనేలేదని తెలిసింది. మళ్ళీ అడగలేదు నేను.

మన పేర్లతో ఇంకో తమాషా. ముందు ఇంటిపేరు పొడి అక్షరం, చివర రావు, ఇలాంటోళ్ళం ఎంతమందిమి! నా ప్రొఫైల్ తెరిచిన రోజు స్కాలర్ నాకు జీడిమామిడి పురుగు మీద పేపరొకటి, కాంక్రీటు మీద పేపరొకటి తగిలించేసింది, నేనేమో ఎలకల ప్లీహాలు తీసుకుంటూ బతికేవాణ్ణి. నేను తీసేశాను, అందరూ తీస్తారని నమ్మకం లేదు, అందుకే ఓర్కిడ్ (ఒక్కో రీసెర్చర్‌కి విడిగా నంబరిచ్చే చోటు) పేజీ కూడా ఓసారి చూడు.

ఇక పెద్ద సైంటిస్టు అంటే. జపాన్‌లో సకాగుచీ గారని, ఎలకపిల్లలకి పుట్టిన మూడోరోజు థైమస్ (టి సెల్స్ అనే రోగనిరోధక కణాలు తయారయ్యే గ్రంథి) తీసేస్తే వాటి ఇమ్యూనిటీ వాటి ఒంటినే తినేస్తోంది ఎందుకని ఏళ్ళ తరబడి అదే పట్టుకు కూర్చున్నాడు. అప్పట్లో ఇమ్యూనిటీని అణిచే టి సెల్స్ ఉన్నాయంటే ఆ ఫీల్డులో నవ్వేవారు. 1995లో పైన సీడీ25 అనే గుర్తు ఉండే టి సెల్సే ఆ కాపలా కాస్తాయని చూపించాడు. 2001లో అమెరికాలో బ్రంకో, రామ్స్‌డెల్, స్కర్ఫీ అనే జబ్బు ఎలకల్లో చెడిన జీన్ వెతికి పట్టుకున్నారు, అదే ఫాక్స్‌పీ3. వాళ్ళప్పుడు యూనివర్సిటీలో కూడా కాదు, బయోటెక్ కంపెనీలో ఉన్నారు. సకాగుచీ చెప్పిన కాపలా సెల్స్‌ని తయారుచేసేది ఈ జీనేనని, అంటే ఆ రెండు దారులూ ఒకటేనని 2003లో తేలింది, 2025లో ముగ్గురికీ నోబెల్. ఆ ఒక్క జీన్ దొరికాక ఆటోఇమ్యూన్ జబ్బుల మీద, కిడ్నీ మార్పిడి మీద, క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళ ప్రయోగాలు మారిపోయాయి.

నేనిప్పుడు ఎలా చూస్తానంటే, ఆ మనిషి బాగా గొప్పగా చెప్పుకునే పేపరొకటి తీసుకుని, దాన్ని సైట్ చేసినవాటిలో ఓ పది తెరిచి, అందులో దీని గురించి రాసిన వాక్యం ఒక్కటీ వెతుకుతాను. "ఇది ఇంతకుముందే తెలుసు" అని ఎనిమిది పేపర్ల గుంపులో పడేశారా, లేదా "వాళ్ళ పద్ధతిలోనే చేశాం, మాకూ అదే వచ్చింది" అన్నారా. రెండోది నాలుగుచోట్ల కనిపించిందా, 30 పేపర్లయినా సరే. మన శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతే చూడు, నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తం తీసుకెళ్ళారు, పేపర్లు బోలెడొచ్చాయి, ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు, మా సోంపేట మావయ్య డయాలసిస్‌కి వెళ్తూనే ఉన్నాడు. ఆ పేపర్లు దండగని కాదులే, కోపంలో అంటన్నాను.

మన ఫీల్డులో పని చేసినోడి పేరు ముందు, ల్యాబ్ పెద్ద పేరు చివర ఉంటాయి. కాబట్టి ఈ ఐదేళ్ళలో సార్ పేరు చివర ఉన్నవీ, మేడమ్ పేరు చివర ఉన్నవీ పేపర్లు విడివిడిగా తీసి, ముందున్న పిల్లలు ఇప్పుడెక్కడున్నారో చూడు. మేడమ్ దగ్గర ముగ్గురు స్టూడెంట్స్‌వి మూడు మంచి పేపర్లుంటే నేనైతే అటే వెళ్తాను. చేరేముందు ఇద్దరి దగ్గరా చదివిన సీనియర్లకి ఒక్కో ఫోన్ చెయ్యి, మెసేజ్ వద్దు, రాతలో ఎవడూ నిజం చెప్పడు. అదీ రాత్రి తొమ్మిది దాటాక చెయ్యి, ల్యాబ్‌లో ఉంటే పక్కన ఎవరో ఒకరు ఉంటారు.