నవల చదివితే చదువు పాడవుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ల మామయ్య ‘సోఫీస్ వరల్డ్’ నవల ఇచ్చినప్పటి నుంచి ఫిలాసఫీ చదువుతానంటోంది. టెన్త్ అయ్యేదాకా ఆ పుస్తకం దాచేయమంటారా? లేక ఇంటర్‌తోపాటు సివిల్స్ ఫౌండేషన్ ఉన్న కాలేజీలో చేర్చమంటారా? ఎంపీసీ మంచిదా, హెచ్‌ఈసీ మంచిదా?

జవాబు: పుస్తకం దాచకండి. ప్రశ్నలు వేసే పిల్ల చదువులో వెనకబడుతుందేమోనన్నది మీ అసలు భయం. గుంటూరు, విజయవాడ తల్లిదండ్రుల నుంచి ఈ మాట చాలాసార్లు విన్నాను. ఆ నవల రాసిన యూస్టైన్ గార్డర్ నార్వేలో ఫిలాసఫీ చెప్పిన టీచర్. 1991లో వచ్చిన ఆ కథలో, పదిహేనో ఏడు రాబోతున్న సోఫీకి ‘నువ్వెవరు?’, ‘ప్రపంచం ఎక్కడి నుంచి వచ్చింది?’ అని చీటీలు వస్తాయి. జవాబు ఎవరూ నోటికి అందించరు, తనే ఆలోచించాలి. ఆ అలవాటు లెక్కలకూ సైన్సుకూ మేలే చేస్తుంది. మధ్యలో బరువుగా ఉండే అధ్యాయాలు వస్తాయి. అక్కడ విసుగొస్తే దాటేసి కథ వెంట వెళ్లమనండి.

ఫౌండేషన్ మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. సివిల్స్ రాయాలంటే డిగ్రీ ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. అందులో అభ్యర్థి ఎంచుకునే సబ్జెక్టు (ఆప్షనల్)గా ఫిలాసఫీ తీసుకుంటే దానికి 500 మార్కులు, ఎథిక్స్ పేపర్‌కి 250 ఉన్నమాట నిజమే. కానీ ఆ ఆప్షనల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లూ తీసుకోవచ్చు. ఇప్పటి నుంచే తొందరేమిటి? పిల్ల ఒకటి ఇష్టపడగానే దాన్ని ర్యాంకు చేయాలని చూస్తే, ఆ ఇష్టమే చచ్చిపోతుందండీ. కటువుగా ఉన్నా చెప్పాలి: మీరు టెన్త్ గురించి, కాలేజీ గురించి రాశారు, ఆమె అడుగుతున్న ప్రశ్నల్లో ఒక్కటీ రాయలేదు. ముందు అవి వినండి. జవాబు తెలియకపోతే తెలియదనండి, తప్పులేదు.

ఆ నవల ఎక్కువగా పాశ్చాత్యుల గురించే చెబుతుంది. గుంటూరు, విజయవాడ మధ్య బస్సెక్కితే నాగార్జున యూనివర్సిటీ కనిపిస్తుంది. అది ఏ తత్వవేత్త పేరో పిల్లలకు చెబుతున్నామా? కఠోపనిషత్తులో యముణ్ణి నిలదీసిన నచికేతుడి కథ చెప్పండి. బౌద్ధ గ్రంథం ‘మిలింద పన్హ’లో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజును అడుగుతాడు: రథమంటే చక్రాలా, ఇరుసా, కాడా? ఇంట్లో దీని మీద ఓ పూట వాదించుకోండి.

ఇక గ్రూపు సంగతి టెన్త్ అయ్యాక చూద్దాం. లెక్కలు ఇష్టమైతే ఎంపీసీ చదివినా తర్వాత బీఏలో ఫిలాసఫీ తీసుకోవచ్చు. ఇష్టం లేకపోతే హెచ్‌ఈసీలో చేర్చండి. బంధువులు ఏమనుకుంటారోనని మాత్రం ఎంపీసీలో కూర్చోబెట్టొద్దు.