పెద్ద బిల్డింగుల మధ్య ఫోన్ మనల్ని రోడ్డుకు అవతలి వైపు ఎందుకు చూపిస్తుంది? సరిచేసే మార్గం ఉందా?

ఉపగ్రహ సిగ్నల్ నేరుగా కాకుండా ఎదుటి అద్దాల గోడకు తగిలి వస్తుంది. అది 30 మీటర్లు అదనంగా చుట్టి వస్తే, ఉపగ్రహమే అంత ఎక్కువ దూరంలో ఉందని ఫోన్ లెక్కేస్తుంది. అక్కడే తేడా కొడుతుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు వేర్వేరు రేడియో ఫ్రీక్వెన్సీల్లో (బ్యాండ్‌లలో) సిగ్నల్ పంపుతాయి. వాటిలో ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్‌నూ అందుకునే ఫోన్ కొంత నయం. దూరం కొలవడానికి సిగ్నల్‌లో పంపే కోడ్ వేగం ఎల్5లో పది రెట్లు ఎక్కువ కాబట్టి నేరు సిగ్నల్‌నూ, గోడకు తగిలి వచ్చినదాన్నీ బాగా విడదీయగలదు. నేరు సిగ్నల్ అసలే అందకపోతే మాత్రం ఇదీ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆదుకునేది భవనాల త్రీడీ మ్యాపే. ఏ ఉపగ్రహం ఏ గోడ చాటున ఉందో చూసి, మీరు ఏ ఫుట్‌పాత్ మీదున్నారో తేలుస్తుంది. 2020 డిసెంబరులో గూగుల్ కొన్ని పిక్సెల్ ఫోన్లలో దీన్ని మొదలుపెట్టింది.

లొకేషన్ మెరుగ్గా రావాలంటే, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘లొకేషన్ యాక్యురసీ’, వైఫై స్కానింగ్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలామంది ఛార్జింగ్ మిగులుతుందని ఆపేస్తుంటారు.