పాత ఉక్కు కార్ఖానా నేలలో ఏమి వెతుకుతారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ పాత ఉక్కు కార్ఖానా స్థలంలో ఇళ్లు కట్టేముందు పురావస్తు నిపుణులు తవ్వకాలు జరుపుతున్నారట. గుడులు, కోటలు ఉన్నచోట తవ్వారంటే అర్థముంది. రెండు వందల ఏళ్లనాటి కార్ఖానాకు పటాలు, లెక్కల పుస్తకాలు ఉంటాయి కదా, మట్టి తవ్వి కొత్తగా తెలుసుకునేదేమిటి? ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పటాలు ఉన్నమాట నిజమే; నిపుణులు ముందుగా పరిశీలించేదీ వాటినే. అయితే పటం గోడలు ఎక్కడున్నాయో చూపుతుంది గాని, వాటి మధ్య పని ఎలా సాగిందో చెప్పదు. షెఫీల్డ్ విషయంలో ఈ లోటు మరీ పెద్దది. గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్, స్ప్రింగుల కోసం అంతటా ఒకే నాణ్యత గల ఉక్కు కావాలని, 1740లలో మట్టి మూసల్లో (లోహాన్ని కరిగించే కుండల్లో) ఉక్కును పూర్తిగా కరిగించి పోతపోసే పద్ధతిని సాధించి, దానికి పేటెంటు తీసుకోకుండా రహస్యంగా ఉంచాడు. ఆ తరువాత కూడా ఈ విద్యలో చాలా భాగం కాగితం మీదికి ఎక్కకుండా, పనివారి చేతుల్లోనే ఒక తరం నుంచి మరో తరానికి అందింది.

అదృష్టవశాత్తూ మూస కొలిమిలో కీలకమైన భాగం భూమి లోపలే ఉంటుంది. కరిగించే గది నేలలో మూసలు దించే గుంటలు, వాటి కింద గాలి లాగడానికీ బూడిద తీయడానికీ ఒక నేలమాళిగ ఉండేవి. కార్ఖానాను కూల్చినా ఆ నేలమాళిగను పూడ్చి వదిలేసిన చోట్ల కొలిమి అడుగుభాగం ఇప్పటికీ నిలిచి ఉంటుంది. ఒకేసారి ఎన్ని మూసలు కాల్చారో, వేడికి దెబ్బతిన్న ఇటుకలను ఎన్నిసార్లు మార్చి కట్టారో అక్కడ కళ్లారా చూడవచ్చు. మూస పెంకులకు అంటుకున్న లోహాన్ని, చిట్టేన్ని (లోహం కరిగించగా మిగిలే మలినాన్ని) ప్రయోగశాలలో పరీక్షించి ఏ మట్టి వాడారో, ఎలాంటి ఉక్కు తీశారో నిర్ధారించవచ్చు. రివర్‌సైడ్ ఎక్స్ఛేంజ్ అనే భవన సముదాయం నిర్మాణానికి ముందు షెఫీల్డ్‌లోని మిల్‌సాండ్స్ ప్రాంతంలో తవ్వినప్పుడు ఇటువంటి కొలుముల అవశేషాలే బయటపడ్డాయి. అచ్చులో పేరు కనిపించని శ్రామికుల నైపుణ్యానికి ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం లేదని నా అభిప్రాయం.

ఖర్చు సాధారణంగా నిర్మాణదారుడిదే. ఇంగ్లండులో 1990 నవంబరులో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాలు ఈ పద్ధతిని స్థిరపరిచాయి. ముందు కొన్ని పరీక్షా కందకాలు తవ్వి చూస్తారు. విలువైనవి కనిపిస్తే స్థలమంతా తవ్వి నమోదు చేస్తారు, లేదా పునాదుల నమూనా మార్చి వాటిని భూమిలోనే భద్రపరుస్తారు. ఇటువంటి నేలలో సీసం, ఆర్సెనిక్, తారు వంటి విషపదార్థాలు ఉండవచ్చు గనుక మట్టి పరీక్ష కూడా తప్పనిసరి.

మీరు నిజామాబాద్ నుంచి రాశారు కనుక ఒక మాట. మీ జిల్లాలోని కోనసముద్రం హంట్స్‌మన్ కంటే ముందునుంచే మూసల్లో చేసిన ఉక్కుకు పేరుపొందింది. ప్రయాణికుల రాతలు కొద్దిగా ఉన్నా, ఆ కమ్మరుల పనితనాన్ని తెలుసుకోవడానికి ముఖ్యమైన ఆధారాలు చిట్టెం కుప్పలు, పగిలిన మూస పెంకులే. పొలం చదును చేసేటప్పుడు అవి కనబడితే పారవేయకుండా, కదిలించకుండా, ఉన్నచోటే ఫొటో తీసి రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయవలసిందిగా మీ ఊరి రైతులకు చెప్పండి.