అల్లుడికి, మొదటి కత్తి గురించి

పటమట, విజయవాడ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు సొంతంగా కత్తి చేస్తానంటున్నావని, ఇనుము అరగదీసే గ్రైండర్ కూడా కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే సంతోషం వేసింది. కానీ గ్రైండర్ ఇప్పుడే కొనకు. మొదటి కత్తి ఆకురాయితో, అంటే ఫైలుతో చెయ్యి. గ్రైండర్ మీద తప్పు రెండు సెకన్లలో జరిగిపోతుంది. ఆకురాయితో అయితే తప్పు చేయడానికి కూడా పావుగంట పడుతుంది, ఈలోపు నీ కంటికే కనపడుతుంది.

కూరగాయలు తరిగే కత్తితో మొదలుపెట్టు. బ్లేడు 5 అంగుళాలు చాలు. బాకులూ పెద్ద కత్తులూ వద్దు. 9 అంగుళాలు దాటిన ఆయుధాలకు చట్టంలో వేరే లెక్కలున్నాయి.

ఉక్కు కోసం ఆటోనగర్ పాత సామాన్ల కొట్లకి వెళ్ళు. చిన్న బండి కమాను పట్టీ (చక్రాల దగ్గరుండే స్ప్రింగు బద్ద) ముక్క అడుగు. లారీది తీసుకోకు, దాని మందం అరగదీయడం నీవల్ల కాదు. విరిగిన పట్టీ కూడా వద్దు, అందులో కంటికి కనపడని పగుళ్ళుంటాయి. 6 మిల్లీమీటర్లకంటే మందంగా ఉంటే కమాన్లు చేసేవాళ్ళ దగ్గరే కాల్చి 4కి సాగగొట్టించు. జింకు పూత ఉన్న ఇనుము మాత్రం నిప్పుల్లో పెట్టకు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. కొట్లోనే ముక్కని సానకి ఒకసారి ఆనించి చూపించమను. మామూలు ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. మంచి ఉక్కు రవ్వలు మధ్యలోనే చిటపటమంటూ కొమ్మలుగా చీలతాయి, చిచ్చుబుడ్డిలాగా. మామూలు ఇనుముని ఎంత కాల్చి నూనెలో ముంచినా పదును నిలవదు.

తెచ్చిన ముక్కని ఎర్రగా కాల్చి కట్టెల బూడిదలో కప్పేసి రాత్రంతా వదిలెయ్. తెల్లారేసరికి మెత్తబడుతుంది, ఆకురాయి పట్టుకుంటుంది. తర్వాత అట్టముక్క మీద ఆకారం గీసుకుని, కత్తిరించి, చేత్తో పట్టుకుని చూసుకో. ఉక్కు కోయడం ఆ తర్వాతే. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తు. అంచు వైపు పలచబడే వాలు చెక్కేచోట నల్ల మార్కర్ పూసుకో. ఎక్కడ నలుపు పోయిందో అక్కడే అరిగింది, ఎక్కడ మిగిలిందో అక్కడింకా అరగదీయాలి. నాలుగైదు సాయంత్రాలు పడుతుంది, పట్టనీ. పిడి మేకులకి రంధ్రాలు ఇప్పుడే వేసుకో, తర్వాత ఉక్కు డ్రిల్లుకి లొంగదు. అంచుని మాత్రం పూర్తిగా పలచన చేయకు, 1 మిల్లీమీటరు ఉంచు.

ఇక అసలు పని, కాల్చి ముంచడం. ఇది దీపాలు పెట్టే వేళ చెయ్యి. మన బెజవాడ ఎండలో ఉక్కు రంగు తెలియదు, నల్లగా కనపడేది నిజానికి ఎర్రగా కాలి ఉంటుంది. బొగ్గుల కొలిమికి హెయిర్ డ్రయర్ గాలి చాలు. పాత స్పీకర్‌లోని అయస్కాంతాన్ని తీగకి కట్టి పక్కన వేలాడదీసుకో. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. మానేశాక ఇంకొంచెం, చెర్రీపండు ఎరుపు కాస్త వెలిగేదాకా ఉంచి, వెంటనే వేరుశెనగ నూనెలో నిలువుగా దించెయ్. పక్కలకి కదిపావంటే వంకరపోతుంది. నూనె 50 డిగ్రీల దాకా వేడి చేసి ఉంచుకో, స్టీలు డబ్బాలో నాలుగు లీటర్లు పోసుకో. మంట లేస్తుంది, కంగారుపడకు. మూత దగ్గర పెట్టుకో, ఇసుక బకెట్ పెట్టుకో, నీళ్ళు మాత్రం దగ్గరికి రానీకు. కళ్ళద్దాలు తప్పనిసరి. నైలాన్ చొక్కా వేసుకోకు.

నా మొదటి కత్తి నీళ్ళలో ముంచాను. నూనె ఖర్చెందుకులే అనుకున్నాను. 'టిక్' మని చిన్న శబ్దం వచ్చింది, అంతే. బయటికి తీసి తుడిస్తే అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకంత గీత. ఆరు రోజుల పని. దాన్ని ఇప్పటికీ పారేయలేదు, వచ్చినప్పుడు చూపిస్తాను.

నూనెలోంచి తీశాక ఆకురాయితో మెల్లగా రాసి చూడు. గాజు మీద జారినట్టు జారిపోతే గట్టిపడినట్టే. అప్పుడది నిజంగా గాజే, కింద పడితే విరుగుతుంది. అందుకని అదే రాత్రి ఓవెన్‌లో పెట్టు, 200 డిగ్రీలు, రెండు గంటలు. చల్లారనిచ్చి మళ్ళీ రెండు గంటలు. ముందే ఎమెరీ పేపర్‌తో తళతళలాడేలా రుద్దిపెడితే రంగు కనపడుతుంది. ఎండు వరిగడ్డి రంగు రావాలి. నీలం తిరిగిందంటే ఎక్కువ కాలింది, కూర కత్తికి అంత మెత్తదనం పనికిరాదు.

పిడికి టేకు గానీ తుమ్మ గానీ వాడు. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చూడ్డానికి బాగుంటుంది కానీ మరీ మెత్తన. ఇత్తడి కడ్డీ ముక్కలు మేకులుగా దూర్చి, ఎపాక్సీ జిగురుతో అతికించి, ఒక రోజు అలాగే బిగించి ఉంచు. చెక్క అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకో. సానరాయి చివర్లో. ముందు గరుకు, తర్వాత నునుపు, వాలు ఇరవై డిగ్రీల దగ్గర మారకుండా. పండిన టమాటా మీద నొక్కకుండా లాగితే తెగాలి.

ఒకటి మీ అమ్మకి కూడా చెప్పు. ఇది స్టెయిన్‌లెస్ కాదు. ఆవకాయకి మామిడికాయ కోస్తే బ్లేడు నల్లబడుతుంది, భయపడొద్దు. కానీ కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాయాలి. సింకులో రాత్రంతా వదిలేస్తే తుప్పు పడుతుంది.

పిడి బిగించేముందు ఒకసారి ఇటు తీసుకురా. మన పాత ఇంటి తలుపు టేకు ముక్క దాచి ఉంచాను.

మీ మామయ్య