మీ అమ్మాయికి ‘ఇఫ్’ వాక్యాలు రావని ఎవరన్నారు?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. బ్యాంకు పరీక్షలు రాస్తానంటోంది. లెక్కలు, రీజనింగ్ బాగానే చేస్తుంది గానీ ఇంగ్లీషులో టెన్సులు, ‘ఇఫ్’ వాక్యాలు వచ్చేసరికి అన్నీ తప్పులే. విశాఖలో హాస్టలుతో కలిపి మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఉంది, 60,000 రూపాయలట. అందులో చేర్చమంటారా, శ్రీకాకుళంలోనే బ్యాంకు కోచింగుకి పంపమంటారా? నేను ఆ రోజుల్లో ఇంగ్లీషు చదువుకుని ఉంటే ఇలా ఉండేవాణ్ణి కాదు. నా కూతురికి ఆ గతి పట్టకూడదు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో చివరి నుంచి రెండో వాక్యం మీరే ఇంకోసారి చదవండి. ‘చదువుకుని ఉంటే ఇలా ఉండేవాణ్ణి కాదు.’ అప్పుడు జరగనిదాన్ని తలుచుకుని ఇప్పటి సంగతి చెప్పారు. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో దీన్ని మిక్స్‌డ్ కండిషనల్ అని చివరి పాఠాల్లో పెడతారు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ లెర్న్ట్ ఇంగ్లీష్, ఐ వుడ్ నాట్ బీ లైక్ దిస్.’ మీ అమ్మాయికి రాదని మీరు బెంగ పెట్టుకున్న పాఠం ఇదే. తెలుగులో మీరు తడుముకోకుండా రాసేశారు.

మీది కొబ్బరి, జీడితోటల ఉద్దానం గనక ఇంకోటి అడుగుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిపోయాక ‘ఆ తుఫాను రాకపోయుంటే ఈపాటికి చెట్లు కాపు మీద ఉండేవి’ అన్న మాట మీ ఊళ్ళో ఎన్ని అరుగుల మీద వినపడి ఉంటుంది? మీ అమ్మాయి అప్పటికి హైస్కూలు పిల్ల. ఆ మాటలోని బాధంతా తెలిసే పెరిగింది. ‘ఇఫ్ తిత్లీ హ్యాడ్ నాట్ కమ్, అవర్ ట్రీస్ వుడ్ స్టిల్ బీ స్టాండింగ్’ అన్న వాక్యం ఆమెకి అర్థం కాకపోవడమేమిటి? అర్థం ఎప్పుడో వచ్చేసింది. ‘హ్యాడ్’ ఎక్కడ పెట్టాలి, ‘వుడ్’ ఎక్కడ పెట్టాలి అన్నదొక్కటే చేతికి అలవాటు కాలేదు. దానికి కొన్ని వారాలు రోజూ రాయడం చాలు.

ఇన్నేళ్ళుగా మన జిల్లా పిల్లల నోటు పుస్తకాలు చూస్తున్నాను. అందరిదీ అదే నాలుగైదు తప్పుల వరస. ‘వానొస్తే రాను’ అంటాం. ఆ ‘వస్తే’లో కాలం లేదు. రేపటి సంగతే కదా అని పిల్లలు రెండు వైపులా ‘విల్’ పెట్టేసి ‘ఇఫ్ ఇట్ విల్ రైన్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ‘ఇఫ్ ఇట్ రైన్స్’ చాలు, ‘విల్’ రెండో సగంలోనే వస్తుంది. ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’ మనకి ఒకే మాట. అందుకే ‘ఐ విల్ గో డైలీ’ అని రాస్తారు. ‘రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను’ని ఉన్నదున్నట్టు దించితే ‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అవుతుంది. రాయాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ఇవి తెలివితక్కువతనం వల్ల వచ్చే తప్పులు కావు. తెలుగు బాగా వచ్చిన బుర్ర తెలుగు దారినే నడుస్తుంది, అంతే.

మన యాస ఒక్కోచోట సాయం కూడా చేస్తుంది. ‘అన్నం తిన్నావా?’ అంటే ‘తినీసినాను’ అంటాం. పని అయిపోయింది, ఇక పెట్టొద్దు అని అందులోనే ఉంది. ‘ఐ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్’ దానికి దగ్గరి మాట. రెండూ అచ్చంగా ఒకటే అనను. ‘నిన్ననే తినీసినాను’ అని మనం అనగలం, ఇంగ్లీషులో ‘నిన్న’ వచ్చిందంటే ‘హ్యావ్’ తప్పుకోవాలి, ‘ఐ ఏట్ ఎస్టర్‌డే’ అనాలి. ఈ తేడా ఒక్కసారి యాసలో పెట్టి చెబితే పిల్లలు మళ్ళీ మర్చిపోరు.

ఇప్పుడు ఆ విశాఖ కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. అలాంటి చోట్ల మొదటి రోజే పన్నెండు టెన్సుల పట్టిక చేతికిస్తారు. పక్కన తెలుగు అర్థాలు ‘నేను తినియున్నాను’, ‘నేను తినుచునే యున్నాను’ అని ఉంటాయి. సోంపేటలో గానీ, విజయనగరం కోట దగ్గర గానీ అలా మాట్లాడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఎవరూ మాట్లాడని తెలుగు పిల్లల నెత్తిన రుద్దొద్దని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఆయన పుట్టిన నేల మీద ఇప్పటికీ ఆ ‘తినియున్నాను’తోనే ఇంగ్లీషు నేర్పుతుంటే కడుపు మండుతుంది. రాని భాషని తెలియని భాషతో నేర్పితే పిల్లకి ఏం మిగులుతుంది?

అలాంటి కోర్సు చేసొచ్చిన అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. తన గురించి నాలుగు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. ‘ఈ కోర్సులో చేరకపోయుంటే ఈ మూడు నెలలూ ఏం చేసేవాడివి?’ అని ఇంగ్లీషులోనే అడిగాను. తల దించుకున్నాడు. వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టిన ఫీజు అది. ఆ పిల్లాడి ముఖం నాకింకా కళ్ళముందే ఉంది.

పైగా మీ అమ్మాయి రాస్తానంటున్నది బ్యాంకు పరీక్షలు. క్లర్కు ఉద్యోగానికి ఇంటర్వ్యూయే లేదు, అంటే ఇంగ్లీషు మాట్లాడించి చూసే ఘట్టమే రాదు. ఆఫీసరు పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది, దాని సంగతి రెండో దశ రాతపరీక్ష, అదే మెయిన్స్, దాటాక చూసుకోవచ్చు. గ్రామీణ బ్యాంకుల మొదటి దశ పరీక్ష ప్రిలిమ్స్‌లోనైతే ఇంగ్లీషు విభాగమే లేదు, ఉన్నవి రీజనింగు, లెక్కలే. మీ అమ్మాయి బాగా చేసేవీ అవే! ఈ సంగతి మీకు ఎవరూ చెప్పలేదా? మిగతా చోట్ల ఇంగ్లీషు పేపరు చదివి అర్థం చేసుకోవడాన్ని, తప్పు పట్టుకోవడాన్ని పరీక్షిస్తుంది. కోచింగుకి పంపాలనుకుంటే శ్రీకాకుళంలోనే పంపండి, విశాఖ కన్నా ఇంటికి దగ్గర. అందులోనూ గ్రామరు క్లాసు కోసమని పంపొద్దు, మాక్ టెస్టులు రాయడానికి పంపండి. ఈ రెండింటి పోలికకి ఇంతకు మించి నా దగ్గర మాటలు లేవు.

మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోవద్దు. ‘అన్నీ తప్పులే’ అని రాశారు. నాకు రాసేముందు ఆ మాట ఆమె ముందు ఎన్నిసార్లు అన్నారు? చుట్టాల ముందు అన్నారా? కాన్వెంటులో చదివిన పక్కింటి పిల్లతో పోల్చారా? నా దగ్గరికొచ్చే ఆడపిల్లల్లో సగం మందికి టెన్సుల కన్నా నాన్న ముందు నోరు విప్పాలంటేనే భయం. మీరు చదువుకోలేకపోయిన బాధ నిజమే, దాన్ని తీసెయ్యను. కానీ ఆ బాధ మీది. ఆ బరువు కూడా మోస్తూ పరీక్ష రాయమని ఆమెని అడక్కండి. మీది తప్పిపోయిన బతుకని ఆమె ఎన్నడూ అనుకుని ఉండదు. తుఫాను తరవాత కూడా కూతుర్ని డిగ్రీ దాకా చదివించిన తండ్రి మీరు.

ఇక చేయాల్సింది. రోజూ రాత్రి ఒక అరగంట. ఆ రోజు ఇంట్లో, బస్సులో, కాలేజీలో నిజంగా విన్న ‘అయితే’, ‘ఉంటే’ వాక్యాలు ఐదు తెలుగులో రాసుకోమనండి, కింద వాటి ఇంగ్లీషు. ‘బస్సు తప్పిపోతే ఆటోలో రా’, ‘నాకు లాటరీ తగిలితే ఇల్లు కట్టేవాణ్ణి’, ‘నిన్న ఫోన్ చేసుంటే స్టేషనుకి వచ్చేవాణ్ణి’, ఇలాంటివి. జరగబోయేదా, ఊరికే అనుకునేదా, జరగకుండా పోయిందా అని ముందు ప్రశ్నించుకుంటే ఏ రూపం రాయాలో దాదాపు తేలిపోతుంది. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక్క వార్త పైకి చదవాలి. తప్పులకి వేరే పుస్తకం పెట్టాలి. ఆ పుస్తకం మీరు తెరవొద్దు, అడిగి చూపించుకోవద్దు.

విశాఖ కోర్సుకి అడ్వాన్సు కట్టి ఉండకపోతే కట్టొద్దు. కట్టేసి ఉంటే ఈ వారంలోనే వెళ్ళి తిరిగి అడగండి. ఇవ్వకపోతే పోయింది అడ్వాన్సే అనుకోండి, మిగతా డబ్బు దాని వెనకాల పంపకండి. సంక్రాంతి వెళ్ళాక మీ అమ్మాయిని ఆ పుస్తకంతో నా దగ్గరికి తీసుకురండి. కూర్చుని అన్నీ చూద్దాం.