పెరట్లో బొరియలు, ఒంటి మీద పురుగులు: రెండింటినీ వేరువేరుగా చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. రెండు నెలలుగా మీ పెరట్లో బొరియలు, వాటి ముందు మట్టి కుప్పలు కనిపిస్తున్నాయి. రెండుసార్లు మందు కొట్టించినా తగ్గలేదు. ఈలోగా మీ అమ్మగారు ఆ మట్టిలోంచి పురుగులు వచ్చి తన చర్మంలోకి దూరుతున్నాయని చెబుతూ, నిద్ర మానేసి, ఇల్లు ఖాళీ చేద్దామని పట్టుబడుతున్నారు. మూడోసారి మందు కొట్టించాలా, ఇల్లు మారాలా, లేక అమ్మను డాక్టరుకు చూపించాలా అన్నది మీ ప్రశ్న.

మూడోసారి మందు కొట్టించకండి. బొరియల సంగతి పెరట్లోనే తేల్చండి, అమ్మగారిని మాత్రం ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నాలుగేళ్ల క్రితం మా ఇంట్లో ఈ రెండు కష్టాలూ ఒకేసారి వచ్చాయి. రెండూ ఒకటేననుకుని మేము ఐదు నెలలు పోగొట్టుకున్నాము.

మాది కోనసీమ. ఇంటి వెనుక పదిహేను కొబ్బరి చెట్ల దొడ్డి, దాని వెనుక పంట కాలువ, ఆ వెనుక వరి చేలు. సార్వా కోతలు అయిపోయి చేలలో తిండి లేకపోయేసరికి పందికొక్కులు కాలువ గట్టు దాటి దొడ్డిలోకి వచ్చాయి. సంక్రాంతి నాటికి తులసి కోట ఒక పక్కకు ఒరిగింది. అప్పటికి అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆ కోటకు రోజూ నీళ్లు పోసి దీపం పెట్టింది ఆవిడే కనుక, అది ఒరగడం నాన్నగారిని ఎంత కలవరపెట్టిందో మాకు అప్పట్లో తెలియలేదు.

ముందు బొరియల మాట చెబుతాను. మందు కొట్టించానన్నారు కానీ, ఏ జీవికి కొట్టించారో రాయలేదు. పురుగులకు కొట్టే మందు పందికొక్కును ఏమీ చేయదు. అందుచేత ఆ బొరియ ఎవరిదో తెలుసుకోవడం మొదటి పని. పిడికిలి పట్టేంత నోరు, దాని ముందు తడి ఆరని మట్టి గుట్టగా పడి ఉండడం, ఒక్కోసారి ఆ నోరు లోపలి నుంచే వదులు మట్టితో మూసి ఉండడం పందికొక్కు గుర్తులు. నీటి పక్కన గుండ్రని కన్నం చుట్టూ బురద ఉండలు పేర్చినట్టు ఉంటే అది ఎండ్రకాయది, దాని వల్ల గట్టుకే తప్ప ఇంటికి నష్టం లేదు. వేలు పట్టేంత కన్నం పక్కన పొడి మట్టి రాశిగా ఉండి, దగ్గరలో పేడ ఉంటే అది పేడ పురుగు పని. వాన వెలిసిన తర్వాత సన్నని చుట్టలుగా కనిపించే మట్టి వానపాములది, దాన్ని చూసి సంతోషించాలి. ఏ కన్నంలోనూ చేయి మాత్రం పెట్టకండి. ఎలుకలు వదిలేసిన బొరియల్లో నాగుపాములు ఉంటాయి, ఎలుకల కోసం వెతుక్కుంటూ కొత్త బొరియల్లోకీ వెళతాయి.

ఆ తర్వాత ఏ బొరియలో ప్రాణి ఉందో తేల్చాలి. మా వైపు రైతులందరికీ తెలిసిన పద్ధతి ఇది. సాయంత్రం దొడ్డిలోని కన్నాలన్నిటినీ తడి మట్టితో మూసేసి, తెల్లవారాక ఎన్ని తెరుచుకున్నాయో లెక్కపెడతారు. తెరుచుకున్నవే బతికున్న బొరియలు, మిగిలినవి పాతవి. మా దొడ్డిలో పదిహేడు కన్నాలు మూస్తే మర్నాటికి ఐదు మాత్రమే తెరుచుకున్నాయి. ఒక బొరియకు చాలా నోళ్లు ఉంటాయి. గట్లు తవ్వే చిన్నరకం పందికొక్కులు గుంపుగా కాపురం చేయవు, ఒక బొరియలో సాధారణంగా ఒక పెద్ద జంతువో, పిల్లలతో ఉన్న తల్లో ఉంటుంది. అంటే పదిహేడు కన్నాలను చూసి మేము ఊహించుకున్న పెద్ద మందలో నిజానికి ఉన్నవి రెండో మూడో.

వాటిని పట్టించడానికి మేము బుట్టలు పెట్టే పెద్దాయనను పిలిచాము. వెదురుతో విల్లులా కట్టిన ఆ బుట్టలు గోదావరి జిల్లాల పొలాల్లో ఎప్పటి నుంచో ఉన్నవే. ఆయన రెండు రాత్రులు బుట్టలు పెట్టి మూడు పందికొక్కులను పట్టాడు, తలకు ఇంతని డబ్బు తీసుకుని వెళ్లాడు. అలాంటివారు మీ దగ్గర లేకపోతే ఇనుప బోను పెట్టవచ్చు. విషపు ఎర తప్పదనుకుంటే బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు వాడండి. తొంభై ఆరు పాళ్లు నూకలు, రెండు పాళ్లు వంట నూనె, రెండు పాళ్లు 0.25 శాతం మందు పొడి కలిపి, పదిహేను గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, తెరుచుకున్న బొరియల్లో మాత్రమే లోతుగా పెట్టి, నోరు మూసేయాలి. అది తిన్న జంతువు కొన్ని రోజులకు రక్తం గడ్డకట్టక చనిపోతుంది. పొరపాటున కుక్కో, పిల్లవాడో తింటే విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది కనుక ఆస్పత్రికి వెంటనే పరుగెత్తాలి. జింక్ ఫాస్ఫైడ్‌కు అలాంటి విరుగుడు ఏదీ లేదు కాబట్టి దాన్ని ఇంటి దగ్గరకు రానివ్వకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ఇంటి పునాది పక్కన పెట్టనివ్వకండి. వాటి నుంచి వెలువడే విషవాయువు నేల సందుల్లోంచి పడక గదుల్లోకి చేరి ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి.

బొరియల కథ మాకు మూడు వారాల్లో ముగిసింది. అసలు బాధ అక్కడి నుంచి మొదలైంది.

బుట్టలో చచ్చిన పందికొక్కును పెద్దాయన గట్టు మీద పడేసినప్పుడు నాన్నగారు వంగి దగ్గరగా చూశారు. ఒళ్లు చల్లబడుతుంటే దాని బొచ్చులోంచి సన్నని పురుగులు బయటికి పాకుతున్నాయి. అది నేనూ చూశాను. ఎలుక జాతి జంతువుల మీద గోమార్లు, కంటికి చుక్కలా కనిపించే నల్లులాంటి ప్రాణులు ఉంటాయి. ఆశ్రయమిచ్చిన జంతువు చచ్చిపోతే అవి దాన్ని వదిలి, దగ్గరలో మనిషి ఉంటే కుడతాయి కూడా. నాన్నగారి కాళ్ల మీద మొదటి వారం కనిపించిన ఎర్రని దద్దుర్లు బహుశా వాటివే. కానీ అవి మనిషి ఒంట్లో స్థిరపడవు, చర్మంలో గూడు కట్టుకోవు. దద్దుర్లు వారంలో మాయమయ్యాయి. ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని నాన్నగారు అనే మాట మాత్రం పోలేదు.

అప్పుడు మేము చేసిన తప్పు, పురుగుల మందు కొట్టే ఒక సంస్థను పిలవడం. వారు వచ్చి ఇల్లంతా, దొడ్డంతా మందు చల్లి, పురుగులు మట్టి అడుగున ఉన్నాయని, ఇంకా మూడు విడతలు కావాలని చెప్పి, ఏడాది ఒప్పందం రాయించుకున్నారు. ఒక్క పురుగును కూడా పట్టి చూపించలేదు. ఆ మాటతో నాన్నగారికి సాక్ష్యం దొరికినట్టయింది. విడత విడతకూ వాసనకు ఆయన కళ్లు మండాయి, చర్మం పొడిబారి మరింత దురద పెట్టింది. ఆ దురదను ఆయన పురుగుల లెక్కలోనే వేసుకున్నారు.

ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. హోమియో మాత్రల ఖాళీ సీసాలు పదకొండు తీసుకుని, ఒంటి మీద దొరికినదల్లా వాటిలో వేసి, ఒక్కొక్క దానికి తెల్లకాగితం అంటించి, తేదీ, వేళ, శరీర భాగం తన అందమైన దస్తూరితో రాశారు. “ఎడమ మోచేయి, తెల్లవారుజాము 3.40” అని ఒక సీసా మీద ఉండేది. అవి పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళితే ఒకరు మూత కూడా తీయకుండా దురద మాత్రలు రాశారు, ఇంకొకరు నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఆయన నాతో కూడా పురుగుల మాట ఎత్తడం మానేసి, తలుపు వేసుకుని ఒళ్లు గీరుకోవడం మొదలుపెట్టారు.

మూడో డాక్టరు కాకినాడలో ఒక చర్మ వైద్యురాలు. ఆవిడ పదకొండు సీసాలనూ వరుసగా బల్ల మీద పెట్టించుకుని, ఒక్కొక్కదాన్నీ గాజు పలక మీద ఒంపి, సూక్ష్మదర్శినిలో చూసి, నాన్నగారిని కూడా చూడమన్నారు. ఎండిన చర్మపు పొట్టు, లుంగీ నూలు పోగు, కొబ్బరి పీచు ధూళి, ఒక సీసాలో చీమ కాలు కనిపించాయి. తర్వాత వేళ్ల సందులు, మణికట్లు, నడుము భూతద్దంతో వెతికారు. గజ్జి పురుగు నిజంగానే చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది కనుక అది లేదని తేల్చుకోవాలన్నారు. గజ్జి అయితే రాత్రి దురద పెరుగుతుంది, ఇంట్లో మిగతావారికి కూడా అంటుకుంటుంది, పెర్మెత్రిన్ మందును ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా రాసుకుంటే నయమవుతుంది. మా ఇంట్లో మరెవరికీ దురద లేదు. మీ ఇంట్లో ఉందో లేదో ముందు అది చూడండి.

జ్వరం ఉందా అని కూడా ఆవిడ అడిగారు. మీరూ గమనించండి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి సన్నని పురుగులు (మంచాల్లో ఉండే నల్లులు కావు) కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు కట్టి, జ్వరం వస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన బురదలో తిరిగితే ఎలుక జ్వరం రావచ్చు. రెండింటికీ మందులు ఉన్నాయి, ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

రక్త పరీక్షల్లో నాన్నగారికి విటమిన్ బి12 బాగా తక్కువగా ఉందని తేలింది. ఆయన పద్నాలుగేళ్లుగా చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అది ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. బి12 తగ్గినా, చక్కెర వల్ల నరాలు దెబ్బతిన్నా, చర్మం మీద ఏదో పాకుతున్నట్టు, పొడుస్తున్నట్టు ఉంటుంది. చీమలు పాకినట్టుందని మన పెద్దవాళ్లు చెప్పేది అదే. థైరాయిడ్, మూత్రపిండాల జబ్బులు, పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని మందులు కూడా ఇలాంటి బాధ తేగలవు. అంటే నాన్నగారు చెప్పిన పాకుడు అబద్ధం కాదు. అది పురుగుల వల్ల అన్నదొక్కటే నిజం కాదు.

బి12 సూదులతో తిమ్మిర్లు సగం తగ్గాయి. నమ్మకం తగ్గలేదు. సూక్ష్మదర్శినిలో నూలు పోగు తన కళ్లతో చూసిన మనిషి, అసలు పురుగు ఆ వేళకు తప్పించుకుందని అన్నారు. రుజువు చూపిస్తే నమ్మకం పోతుందని నేను అనుకున్నాను, రాత్రుళ్లు కూర్చుని వాదించాను, ఒకసారి గొంతు పెంచాను. దాని వల్ల ఆయన నాకు దూరమయ్యారు తప్ప మరేమీ జరగలేదు. ఇది పిచ్చి కాదు, మొండితనం అంతకన్నా కాదు, దీనికి వైద్యశాస్త్రంలో డెల్యూషనల్ పారాసైటోసిస్ అని పేరు ఉంది, అంటే ఒంట్లో పురుగులు ఉన్నాయన్న వదలని భ్రమ. స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఎక్బోమ్ 1938లో వివరంగా రాసినందువల్ల దీన్ని ఎక్బోమ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. నడివయసు దాటినవారిలో, ఒంటరితనంలో ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. డబ్బాల్లో, సీసాల్లో నమూనాలు తేవడం ఈ జబ్బుకు ప్రపంచమంతటా గుర్తు. కొన్ని ఇళ్లలో దగ్గరివారు కూడా అదే నమ్మకంలోకి జారిపోతారు.

ఆ వైద్యురాలు పురుగులు లేవని ఒక్కసారి కూడా వాదించలేదు, ఉన్నాయని ఒప్పుకోనూ లేదు. “మీకు నిద్ర లేదు, ఒళ్లు పుండయింది, ఆ బాధ తగ్గించడం నా పని” అని చెప్పి, మానసిక వైద్యుడిని కూడా తన గదికే పిలిపించి ఇద్దరూ కలిసి మాట్లాడారు. తక్కువ మోతాదులో రిస్పెరిడోన్ అనే మానసిక వైద్యపు మందు మొదలుపెట్టారు. ఆరు వారాలకు నాన్నగారు రాత్రి పూర్తిగా నిద్రపోయారు. నాలుగో నెలలో సీసాలు వాటంతట అవే బీరువా పైకి చేరాయి. మందు ఏడాదికి పైగా వాడి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాము. సగంలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

అందుచేత మీ అమ్మగారితో పురుగులు లేవని అనకండి. ఉన్నాయని ఒప్పుకుని మందు కూడా కొట్టించకండి. “నీ బాధ చూస్తున్నాను, చర్మం చూపిద్దాం” అనండి, ఆవిడ ఆ మాటకు వస్తారు. ముందు చర్మ వైద్యుల దగ్గరకే వెళ్లండి, పిచ్చి డాక్టరు అన్న పేరు వినపడితే ఆవిడ గడప దాటకపోవచ్చు. దగ్గరలో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు మీరే ఫోన్ చేసి ఏం చేయాలో అడగండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇల్లు మారితే తగ్గుతుందేమోనని మేము కూడా రాజమండ్రిలో చెల్లెలి ఇంటికి నాన్నగారిని పంపి చూశాము. మూడో రోజుకే అక్కడికీ పురుగులు వచ్చాయన్నారు.

ఒక్క పని మాత్రం రేపటిదాకా ఆపకండి. స్నానాల గదిలో, పెరట్లో ఫినాయిలు, కిరోసిను, పురుగుమందు, బ్లీచింగు పొడి ఎక్కడున్నాయో వెతికి తాళం వేయండి. నాన్నగారు దాదాపు నెల రోజులు ఫినాయిలు కలిపిన నీళ్లతో స్నానం చేశారని, ఆయన వీపు మీద కాలిన మచ్చలు డాక్టరు చూపించేదాకా మాకు తెలియలేదు.